ఇరుగుపొరుగు పురపాలకములలో ఇండ్ల చుట్టును విడువవలసిన ఖాళీస్థలము

ఇల్లు కట్టువారు తమ స్థలమంతయు గోడలతో నింపక వీథివైపునను, ఇరుప్రక్కలను, వెనుకను కొంత జాగా విడువవలెనని ప్రతి పురపాలక నిబంధనయు చెప్పుచున్నది. ఈ జాగాను తెలుగు జిల్లాలలో సెట్‌బ్యాక్ అనియు, గుజరాతు నిబంధనలలో మార్జిను అనియు వ్యవహరింతురు. విడువవలెననుటలో ఎచ్చటను భేదము లేదు. ఎంత విడువవలెను, ఎక్కడినుండి కొలువవలెను అను విషయములలో మాత్రము ఊరికిని ఊరికిని భేదము కలదు. ఒక పురపాలకపు పొలిమేర దాటి పది బారలు నడచినంతనే అదే కొలత గల స్థలమున, అదే ఎత్తు గల ఇంటికి వేరొక లెక్క వచ్చుట అరుదు కాదు.

ఈ భేద మెట్లు పుట్టినది, అది ఎచ్చట ప్రజారోగ్యమునకు హాని చేయును, ఎచ్చట చేయదు, పురపాలక తాలూకా అధికారులు దాని నెట్లు కనిపెట్టవలెను అను సంగతు లీ క్రింద వివరింపబడుచున్నవి. నిదర్శనముగా సూరతు జిల్లా పలసాణా తాలూకాలోని కడోదరా పట్టణమును, దాని పరిసరములును తీసికొనబడినవి.

ఖాళీస్థలము యొక్క ప్రయోజనము

ఇంటి చుట్టును విడిచిన జాగా నాలుగు పనులు చేయును. మొదటిది వెలుతురు. క్షయరోగమును కలిగించు సూక్ష్మజీవి చీకటిగదిలో చిరకాలము నిలిచి, సూర్యరశ్మి తగిలినచో త్వరలో నశించును. రెండవది గాలి. ఒకే వైపున కిటికీ గల గదిలో గాలి కదలదు; రోగి దగ్గుటచే వెడలిన తుంపురులు ఆ గదిలోనే తేలుచుండును. మూడవది పారిశుద్ధ్యము. మురుగుకాలువను బాగుచేయుటకును, చెత్తను తీయుటకును మనిషి నడుచునంత త్రోవ యుండవలెను. నాలుగవది అగ్నిప్రమాదములనుండి రక్షణము. మంట ఒక యింటినుండి మరియొక యింటికి ప్రాకకుండుటకును, నిచ్చెనయు నీటిబండియు గోడ చెంతకు చేరుటకును ఎడము కావలెను.

వీథివైపు జాగాకు వేరొక ప్రయోజనము గూడ గలదు. జనము పెరిగినకొలది వీథి వెడల్పు చేయవలసివచ్చును. నేడు విడిచిన జాగా రేపటి వీథికి ముందుగా దాచిన సొమ్ము వంటిది. అది దాచని ఊళ్లలో వీథిని వెడల్పు చేయుటయన నిలిచియున్న ఇండ్ల ముంగిళ్లను కూల్చుటయే యగును.

నిబంధనల పుట్టుక

మన దేశమున ఈ విషయము ప్రభుత్వముల దృష్టికి బలవంతముగా వచ్చినది మహామారి మూలమున. 1896లో బొంబాయి నగరమున ప్లేగు వ్యాపించెను. గాలి వెలుతురులు లేని ఇరుకు చాళ్లలో ఎలుకలును మనుష్యులును కలిసి నివసించుటచే వ్యాధి అణగకుండెను. దాని ఫలితముగా 1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడెను. ఆ ట్రస్టు అవలంబించిన సూత్రమునకు అరువదిమూడున్నర డిగ్రీల సూత్రమని పేరు. ట్రస్టునకు అధ్యక్షుడుగా నుండిన ఓర్ దొర 1912లో దీనిని గూర్చి ప్రత్యేకముగా ఉపన్యసించెను.

సూత్రము వినుటకు కఠినముగా నున్నను లెక్క సులభము. కిటికీ గల గోడ అడుగునుండి ఎదుటి ఇంటి కొన వరకు ఒక గీత గీచినచో, ఆ గీత నేలతో చేయు కోణము 63½ డిగ్రీలకు మించరాదు. అనగా ఎదుటి గోడ ఎత్తు నడిమి జాగాకు రెండింతలకు మించరాదు. పది అడుగుల జాగాకు ఇరువది అడుగుల గోడ, అంతే. మేస్త్రీ సైతము టేపుతో సరిచూడదగిన సూత్రమిది. నేటి నిబంధనల పట్టికలలో ఈ పేరు కానరాకున్నను, ఎత్తు పెరిగినకొలది ఎడము పెరుగవలెనను భావము ఈ మూలమునుండియే బలపడినది.

తరువాత ఒక్కొక్క రాజధాని ఒక్కొక్క త్రోవ పట్టెను. బొంబాయి రాజధానిలో 1901 నాటి జిల్లా పురపాలక చట్టము క్రింద పురపాలక సంఘములు తమ ఉపనిబంధనలను తామే రచించుకొని ప్రభుత్వము యొక్క ఆమోదము పొందుచుండెను. 1915లో ఆ రాజధానికి పట్టణ నిర్మాణ చట్టము వచ్చెను. మద్రాసు రాజధానిలో జిల్లా మునిసిపాలిటీల చట్టమును, పట్టణ నిర్మాణ చట్టమును 1920లో వెలువడెను. 1939లో ప్రజారోగ్య చట్టము వాటికి తోడయ్యెను. హైదరాబాదు సంస్థానమున 1908 నాటి మూసీ వరదల యనంతరము 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడెను. ఇట్లు మూడు చోట్ల మూడు కారణములచే మూడు విధములుగా పుట్టిన నిబంధనలు నేటి రాష్ట్రములకు సంక్రమించినవి. గ్రామములలో మాత్రము చాలకాలము వ్రాతపూర్వకమైన కొలతయే లేదు. అచ్చట ఊరి వాడుకయే చట్టము.

కడోదరా పరిసరముల స్థితి

ముంబయి–అహమ్మదాబాదు జాతీయ రహదారియు, సూరతు–బార్డోలి రహదారియు కలిసెడి కూడలి కడోదరా. పూర్వము గ్రామముగా నుండి, నేత, అద్దకము, ప్యాకింగు మొదలగు పరిశ్రమల మూలమున పెరిగి, తరువాత నగరపాలికను పొందినది. దీనికి పడమటనున్న సూరతునకు 1852లో పురపాలక సంఘమును, 1966లో నగరపాలక సంస్థయు వచ్చినవి. నగరము వెలుపలి ప్రాంతమునకు ప్రణాళిక వేయుటకై సూరతు పట్టణాభివృద్ధి సంస్థ 1978లో ఏర్పడెను. కావున ఆ ప్రాంతమున నగరపాలక సంస్థ, నగరపాలికలు, గ్రామ పంచాయతీలు, పట్టణాభివృద్ధి సంస్థ అను నాలుగు విధముల అధికారములు ఒకదాని ప్రక్క నొకటి నిలిచినవి. పారిశ్రామిక వాడల సంగతి వేరు.

ఈ ప్రాంతము తెలుగు వారికి అపరిచితము కాదు. తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి మొదలగు నేతపనివారు పలు తరములుగా సూరతునకు పోయి, లింబాయత్, ఉధనా మొదలగు పేటలలో స్థిరపడిరి. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున గూడ ప్రాథమిక పాఠశాలలను నడుపుచున్నది. మరమగ్గముల పనివారిలో చాలమంది అద్దెగదులలో నివసించువారు. ఇంటి యజమాని ప్రక్కజాగా విడిచెనా లేదా యనునది వారికి చట్టపు మాట కాదు; రాత్రిపని చేసి వచ్చి పగలు నిద్రించుటకు గదిలో గాలి యున్నదా లేదా యను మాట.

సూరతు నగరమునకు ఈ విషయమున గట్టి పాఠము గలదు. 1994 సెప్టెంబరులో, వరదల యనంతరము, అచ్చట ప్లేగు భయము పుట్టి లక్షలకొలది జనము నగరము విడిచిపోయిరి. మరుసటి సంవత్సరము నగరపాలక కమీషనరుగా వచ్చిన శ్రీ ఎస్. ఆర్. రావు పారిశుద్ధ్యపు పనిని ప్రాంతములవారీగా విభజించి అధికారులను బాధ్యులుగా చేయుటయే గాక, వీథులలోనికి చొచ్చుకొనివచ్చిన కట్టడములను కూల్పించి త్రోవలను వెడల్పు చేయించెను. చెత్తబండి పోలేని సందు శుభ్రపడదనుట నాడు ఎల్లరకును తెలిసివచ్చిన సత్యము.

ఒకే గ్రంథము, వేరువేరు లెక్కలు

ఊరికొక నిబంధన యుండుట చిక్కులకు కారణమని గుర్తించి, ఇటీవలి కాలమున రాష్ట్రములు ఉమ్మడి నిబంధనలను చేసినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2012 ఏప్రిలు 7వ తేదీన 168వ నంబరు ఉత్తరువు ద్వారా భవన నియమములు వెలువడెను. గుజరాతు రాష్ట్రమునకంతకు 2017లో సమగ్ర అభివృద్ధి నియంత్రణ నిబంధనలు వచ్చెను. తమిళనాడు 2019లోను, ముంబయి నగరము తప్ప తక్కిన మహారాష్ట్రము 2020లోను ఇదే త్రోవ పట్టినవి.

ఐనను భేదము తొలగిపోలేదు; దాని రూపము మాత్రము మారినది. పూర్వము రెండు పట్టణములకు రెండు గ్రంథములు. ఇప్పుడు ఒకే గ్రంథమున రెండు పట్టికలు. గుజరాతు నిబంధనలు రాష్ట్రములోని అభివృద్ధి ప్రాంతములను, నగరపాలికలను తరగతులుగా విభజించినవి. ఏ తరగతిలో చేరినదో దానినిబట్టి ఆ ఊరి లెక్క యుండును. తెలుగు రాష్ట్రముల నియమములలో స్థలము యొక్క వైశాల్యము, ఇంటి ఎత్తు, ఎదుటి వీథి వెడల్పు అను మూడింటిని కలిపి లెక్క చూడవలెను. 2012 నాటి పట్టిక ప్రకారము 100 మొదలు 200 చదరపు మీటర్ల స్థలమున 10 మీటర్ల ఎత్తు వరకు కట్టునపుడు, 12 మీటర్లకు మించని వీథివైపున 1.5 మీటరును, తక్కిన మూడు వైపుల ఒక్కొక్క మీటరును విడువవలెను. వీథి వెడల్పు పెరిగినచో ముందరి జాగా గూడ పెరుగును.

పాత ఊరి సంగతి వేరు. తెలుగు దేశమున గ్రామకంఠ మనునదియే గుజరాతులో గామతళము. అచ్చట ఇండ్లు గోడకు గోడ ఆనించి కట్టుట తరతరముల వాడుక. నిబంధనలు గూడ దానిని గుర్తించి గామతళమునకు వేరు లెక్క నిచ్చినవి. గ్రామము నగరపాలికగా మారినపుడు ఈ గామతళము పట్టణము నడిబొడ్డున నిలిచిపోవును. దాని వెలుపలి వీథిలోని క్రొత్త ఇంటికి ఒక లెక్క, లోపలి పాత ఇంటికి ఒక లెక్క. ఇచ్చట పొలిమేర రెండు పట్టణముల నడుమ గాక, ఒకే పట్టణములోపల నుండును.

భేదము అంకెలో కంటె గీతలో ఎక్కువ

రెండు పట్టణముల పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి అంకెలను మాత్రమే పోల్చువారు అసలు భేదమును గుర్తింపలేరు. మూడు మీటర్లు అను అంకె రెండు చోట్లను ఒకటియే కావచ్చును. ఆ మూడు మీటర్లను ఏ గీతనుండి కొలిచిరి అనునదియే ముఖ్యము.

ఒక వీథి నేడు 7.5 మీటర్ల వెడల్పు గలదనుకొనుడు. ప్రణాళికలో దానిని 12 మీటర్లు చేయుటకు నిశ్చయించిరి. అనగా ఒక్కొక్క ప్రక్క 2.25 మీటర్ల జాగా వీథిలో చేరవలెను. మొదటి పట్టణమున ప్రణాళికలోని భావివీథి అంచునుండి మూడు మీటర్లు కొలుతురు. అచ్చటి గోడ నేటి వీథి అంచునకు 5.25 మీటర్ల దూరమున లేచును. ప్రక్క పట్టణమున నేటి వీథి అంచునుండియే మూడు మీటర్లు కొలుతురు. అచ్చటి గోడ మూడు మీటర్ల దూరమున లేచును. ఇద్దరు యజమానులును నిబంధనను పాటించినవారే. ఇరువురి కాగితములలోను మూడు అనియే యుండును. వీథి వెడల్పైన దినమున మొదటి ఇంటి ముందు మూడు మీటర్ల జాగా నిలుచును. రెండవ ఇంటి ముందు ముప్పాతిక మీటరు మాత్రమే మిగులును. మెట్లు, మురుగుకాలువ, నీటిగొట్టము అన్నియు ఆ ముప్పాతిక మీటరులోనే యిమడవలెను.

గుజరాతులో పట్టణ నిర్మాణ పథకముల ద్వారా ఈ చిక్కును కొంతవరకు తొలగింతురు. ఆ పద్ధతిలో ఒక ప్రాంతమునందలి భూములన్నిటిని కలిపి, వీథులకును, ఉమ్మడి అవసరములకును కొంత భాగము తీసి, మిగిలినదానిని సరియైన ఆకారము గల తుది స్థలములుగా యజమానులకు మరల పంచిపెట్టుదురు. 1915 నాటి బొంబాయి చట్టమున మొదలైన ఈ పద్ధతి 1976 నాటి గుజరాతు చట్టమునను నిలిచినది. తుది స్థలము ఏర్పడినచోట వీథి జాగా ముందే విడివడియుండును గావున కొలతకు ఒకే గీత యుండును. పథకము పూర్తికాని చోటను, పథకమే లేని పంచాయతీ భూములలోను రెండు గీతల చిక్కు మిగిలియే యున్నది.

ప్రక్కజాగా: ఇరువురు కలిసినగాని ఫలింపనిది

వీథివైపు జాగా ఒక్క యజమాని విడిచినను వీథికి లాభము. ప్రక్కజాగా అట్లు కాదు. ఒకరు విడిచి పొరుగువారు విడువకున్నచో విడిచినవారికి గూడ ఫలము సగమే. పొలిమేర ఇండ్లలో ఈ హాని స్పష్టముగా కనబడును.

పైని చెప్పిన 63½ డిగ్రీల సూత్రముతో ఒక లెక్క చూడవచ్చును. 10 మీటర్ల ఎత్తు గల మూడంతస్తుల ఇండ్లు రెండు ఎదురెదురుగా నున్నవి. చెరియొక మీటరు విడిచిరి. నడుమ రెండు మీటర్లు. సూత్రము ప్రకారము రెండు మీటర్ల జాగా నాలుగు మీటర్ల ఎత్తునకే చాలును. మూడవ అంతస్తు నేలమట్టమునుండి ఎదుటి గోడ కొన సుమారు 3.3 మీటర్లే కనుక ఆ గదికి వెలుతురు చాలును. రెండవ అంతస్తునకు ఎదుటి గోడ 6.7 మీటర్లు, వెలుతురు చాలదు. క్రింది అంతస్తు సంగతి చెప్పనక్కరలేదు. ఇరువురును ఒక్కొక్క మీటరు విడిచినను ఫలిత మిది. ఇక ఒకరు మీటరు విడిచి, పొలిమేర కావలి పొరుగువారు తమ ఊరి నిబంధన ప్రకారము ఏమియు విడువకున్నచో నడిమి జాగా ఒక మీటరే. అది రెండు మీటర్ల ఎత్తునకు మాత్రమే చాలును. మూడంతస్తులలో ఒక్క అంతస్తునకును ప్రక్కకిటికీనుండి తగిన వెలుతురు రాదు.

దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. చిన్న స్థలములలో ప్రక్కజాగా పేరునకు మాత్రమే వెలుతురు నిచ్చును. కావున అట్టి ఇండ్లలో ముందువెనుకల కిటికీలును, నడిమి పెరడును ముఖ్యములు. ప్లాను చూచు అధికారి ప్రతి గదికిని ఏ వైపునుండి గాలి వచ్చునో చూడవలెను గాని, నలువైపుల అంకెలను సరిచూచి ఊరకుండరాదు.

రెండవది ఇరుకుసందుల సంగతి. ఒక అడుగు, అడుగున్నర వెడల్పు గల సందు గాలి నీయదు, మనిషిని పోనీయదు. అది చెత్తకును, మేడమీది నీటికిని, ఎలుకలకును నిలయమగును. నిలిచిన నీటిలో దోమలు పెరుగును. అట్టి సందు కంటె ఇరువురును కలిసి ఉమ్మడి గోడ కట్టుకొని, ఆ జాగాను వెనుక పెరటిలో కలుపుకొనుటయే ఆరోగ్యకరము. పూర్వపు గామతళపు ఇండ్లలో గోడకు గోడ ఆనియున్నను నడుమ చౌకు, అనగా లోపలి ముంగిలి, యుండెడిది. తెలుగు దేశపు మండువా ఇండ్లలో మండువా చేయు పనియు నదియే. ఆ ముంగిలిని గదిగా మార్చి అద్దె కిచ్చినపుడే గోడకు గోడ ఆనిన ఇల్లు రోగస్థానమగును. కావున గామతళములలో చుట్టు జాగా కొరకు పట్టుపట్టుట కంటె నడిమి ముంగిలి పూడకుండ కాపాడుట మేలు.

వెనుక జాగా యొక్క చరిత్ర వేరు. పలు పట్టణములలో అది మరుగుదొడ్ల మలమును మనుష్యులచే ఎత్తించెడి సందుగా నుండెను. ఆ నీచమైన వాడుకను 1993, 2013 సంవత్సరముల చట్టములు నిషేధించినవి. పని తొలగినదని ఆ సందులను ఇండ్లలో కలుపుకొనుట పలుచోట్ల కనబడును. భూగర్భ మురుగుగొట్టము ఆ సందులోనుండి పోవుచున్నచో, దానిపైని కట్టిన గది క్రింద గొట్టము పగిలినపుడు బాగుచేయు త్రోవ యుండదు.

పొలిమేర కదలినపుడు

పట్టణముల పొలిమేరలు స్థిరములు కావు. 2020లో సూరతు నగరపాలక సంస్థ పరిధి విస్తరింపబడినపుడు, అంతవరకు వేరుగా నుండిన సచిన్ నగరపాలికయు, కనక్‌పూర్–కన్సాడ్ నగరపాలికయు, మరికొన్ని గ్రామములును అందులో కలిసెను. నిన్నటి పొరుగు పట్టణము నేటి నగరవార్డు. అచ్చటి ఇండ్లు మాత్రము నిన్నటి అనుమతులతో నిలిచియున్నవి.

అట్టి సమయమున రెండు తప్పులు జరుగుటకు వీలు గలదు. పాత అనుమతి పత్రములు చేతికి రానందున సక్రమముగా కట్టిన ఇంటినే అక్రమమని నోటీసు ఇచ్చుట ఒకటి. కలిసిన ప్రాంతమంతయు పాతదేయని తలచి, కలిసిన తరువాత లేచిన అంతస్తులను చూడకుండుట రెండవది. ఈ రెంటికిని మందు ఒక్కటే. పరిధి మారిన తేదీ నాటికి ఏ ఇల్లు ఏ ఎత్తున, ఏ జాగాతో నున్నదో పటముతోను, ఛాయాచిత్రములతోను నమోదు చేసికొనవలెను. పంచాయతీ కార్యాలయమునందలి అనుమతి పుస్తకములు, వ్యవసాయభూమిని ఇండ్లస్థలముగా మార్చిన రెవెన్యూ ఉత్తరువులు పోకుండ తీసికొనుట తాలూకా అధికారి కర్తవ్యము.

అగ్నిప్రమాదముల సాక్ష్యము

2019 మే 24వ తేదీన సూరతు నగరమున సర్థానా పేటలోని ఒక వ్యాపారభవనమున అగ్నిప్రమాదము సంభవించి 22 మంది విద్యార్థులు మరణించిరి. పైఅంతస్తునుండి దిగు త్రోవలేక పలువురు దుమికిరి. 2021 అక్టోబరు 18వ తేదీ తెల్లవారుజామున కడోదరాలో ఒక బహుళాంతస్తుల ప్యాకింగు కర్మాగారము అంటుకొని ఇద్దరు కార్మికులు మరణించిరి. అగ్నిమాపక దళమువారు నూరుమందికి పైగా కార్మికులను సురక్షితముగా దింపిరి.

ఇవి నివాసగృహములు కావు. ఒక్కొక్క ప్రమాదమునకు కారణములును వేరు. ఐనను ఇండ్ల విషయమున వీటినుండి గ్రహింపవలసిన దొకటి గలదు. లోపలి మెట్లు పొగతో మూసికొనిపోయినపుడు వెలుపలి జాగా ఒక్కటే ప్రాణరక్షకము. నిచ్చెన నిలుపుటకు చోటుండవలెను, బండి తిరుగవలెను. అగ్నిమాపక బండ్లు పొలిమేర చూచి ఆగవు. పొరుగూరి బండ్లును సాయమునకు వచ్చుచుండును. తమ ఊరి వీథి కొలతకు సరిపోవు బండి ప్రక్క ఊరి వీథిలో దూరకున్నచో సాయము వీథి మొగనే నిలిచిపోవును. కావున పొలిమేర వీథుల వెడల్పు విషయమున ఇరు పట్టణములును ఏకాభిప్రాయమునకు రావలసియున్నది.

జరిమానా గాలి నీయదు

నిబంధన నతిక్రమించిన కట్టడములను రుసుము తీసికొని క్రమబద్ధము చేయు చట్టములు పలు రాష్ట్రములలో వచ్చినవి. గుజరాతులో 2011లోను, మరల 2022లోను ఇట్టి ఏర్పాటు జరిగెను. వేలకొలది కుటుంబములు నివసించు ఇండ్లను కూల్చుట సాధ్యము కాదు, న్యాయమును కాదు గనుక ఈ పద్ధతికి కారణము లేకపోలేదు. చిన్న స్థలమున నలువైపుల జాగా విడిచినచో బీదవానికి గదియే మిగులదను మాటయు నిజమే.

కాని రుసుము ఖజానాకు చేరును గాని గదిలోనికి గాలి రాదు. క్రమబద్ధమైన ఇంటిలో పూడిన కిటికీ పూడియే యుండును. కావున రుసుముతో కాగితము సరిపడినను, ఆ ఇంటికి చేయదగిన బాగు ఏదో అధికారి చెప్పగలుగవలెను. పైకప్పున వెలుతురు గవాక్షము, వంటగదికి పొగగొట్టము, మూసిన ముంగిలిలో కొంత భాగము తెరచుట, సందులో పారిశుద్ధ్యపు పనివాడు నడుచునట్లు అడ్డుగోడ తీయుట మొదలగునవి కూల్చకయే చేయదగిన పనులు.

అధికారులు గమనింపవలసినవి

పై సంగతులనుబట్టి పురపాలక, తాలూకా అధికారులు ఈ క్రింది విషయములను దృష్టియందుంచుకొనుట మంచిది.

1. అనుమతి పత్రమున ఖాళీస్థలపు అంకెతో పాటు, ఆ అంకెను ఏ గీతనుండి కొలువవలెనో పటముపై ఎర్రగీతతో చూపవలెను. నేటి వీథి అంచు, భావివీథి అంచు రెండును వ్రాయవలెను.

2. పొలిమేరకు ఆనుకొనియున్న వీథుల జాబితాను ఇరుగుపొరుగు పట్టణములు కలిసి తయారుచేసికొని, ఆ వీథులలో కొలతగీత విషయమున ఒడంబడవలెను. తక్కిన పట్టణమున భేద ముండినను హాని లేదు. ఒకే వీథి రెండు ప్రక్కల భేద ముండరాదు.

3. రెండు నిబంధనలు కలిసెడి హద్దున, ప్రక్కజాగాను పరీక్షించునపుడు పొరుగు స్థలమున ఏ నిబంధన కలదో గూడ విచారింపవలెను. అచ్చట గోడ హద్దుమీదనే లేచుటకు వీలున్నచో, ఇచ్చటి గదులకు ముందువెనుకలనుండి గాలి వచ్చునట్లు ప్లాను మార్పింపవలెను.

4. గ్రామకంఠము, గామతళము వంటి పాత ఊళ్లలో లోపలి ముంగిలిని కాపాడవలెను.

5. మనిషి నడువలేని సందును ఖాళీస్థలముగా లెక్కింపరాదు.

6. ఇల్లు పూర్తియైన పిమ్మట కొలత మరల తీయవలెను. పునాది నాడు విడిచిన జాగా మేడ లేచునాటికి మెట్లతోను, వసారాతోను, మరుగుదొడ్డితోను నిండిపోవుట సాధారణము.

పట్టణముల పరిపాలన 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా పురపాలకములకు మరింత స్పష్టముగా అప్పగింపబడినది. భూమి వినియోగమును, భవన నిర్మాణమును క్రమపరచుట అందు చేర్చబడినది. కావున ఒక్కొక్క పట్టణము తన స్థితికి తగిన కొలత నేర్పరచుకొనుట దోషము కాదు. కొండపట్టణమునకును, నదీతీరపు పట్టణమునకును, మగ్గముల పట్టణమునకును ఒకే అంకె సరిపడదు. అయితే ఆ కొలతకు కారణమేమో అనుమతి నిచ్చువారు ఎరిగియుండవలెను. ఎక్కడినుండి కొలువవలెనో ఇల్లు కట్టువారికి తెలిసియుండవలెను. ఈ రెండును జరిగిననాడు పొలిమేరకు ఆవలను ఈవలను అద్దెగదిలో నున్న పనివానికి గాలియు వెలుతురును సమానముగా అందును.